అమ్మవారి పడవే ఆగింది

(దసరాకు ముందు, కృష్ణ ఒడ్డున మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



దసరా దగ్గరకొచ్చింది. ఇళ్లు కడుక్కోవాలి. పిల్లలకు బట్టలు కుట్టించాలి. పిండివంటలు చెయ్యాలి. మీకు ఎన్ని పనులున్నాయో నాకు తెలుసు. అయినా వచ్చారు. అందుకే ఎక్కువసేపు మాట్లాడను. ఒక్క సంగతే చెబుతాను.

పండగ రాత్రి మనం పిల్లల్ని తీసుకుని నది దగ్గరకు వెళ్తాం. బాణసంచా చూస్తాం. కొందరం పడవ కూడా ఎక్కుతాం. ఎక్కినవాళ్లు ఎంతమందో, దిగినవాళ్లూ అంతమందే ఉండాలి. ఇదే నేను చెప్పే సంగతి.

విజయవాడలో దసరా రోజు సాయంత్రం తెప్పోత్సవం జరుగుతుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. దుర్గమ్మను, మల్లేశ్వర స్వామిని హంస వాహనం మీద కూర్చోబెడతారు. హంస వాహనం అంటే హంసలాగా అలంకరించిన పడవ. దుర్గా ఘాట్ దగ్గర దాన్ని నదిలో తిప్పుతారు. ఆకాశంలో బాణసంచా వెలుగుతుంది. కింద నీళ్లలో కూడా ఆ వెలుగే కనపడుతుంది. ఎంత బాగుంటుందో!

మరి 2020లో ఏం జరిగిందో గుర్తుందా? ఆ ఏడాది దసరాకు కృష్ణకు వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటి ఉరవడి ఎక్కువగా ఉంది. హంస వాహనాన్ని నదిలో తిప్పలేదు. ఒడ్డునే ఉంచి పూజ చేశారు.

ఆలోచించండి. అది మామూలు పడవ కాదు. ముందుగా ఇంజనీర్లు చూస్తారు. పండగకు ముందే ఒకసారి తిప్పి చూస్తారు. ఎంతమంది ఎక్కాలో లెక్క పెడతారు. చుట్టూ గజ ఈతగాళ్లు ఉంటారు. అంత జాగ్రత్తగా నడిపే పడవను కూడా, నీరు బాగాలేదని ఆపేశారు. అమ్మవారి పడవే ఆగింది. మన పడవ ఆగితే తప్పేంటి?

పండగ రాత్రి వేరు

"మేం రోజూ పడవ దాటేవాళ్లమే. మాకు నది కొత్తా?" అని మీరు అడగొచ్చు. నది కొత్త కాదు. కానీ బాణసంచా రాత్రి వేరు. ఎందుకో చెబుతాను.

మొదటిది. తారాజువ్వ పైకి లేవగానే అందరూ లేచి నిలబడతారు. "అదిగో, అదిగో" అంటూ ఒకే పక్కకు వస్తారు. బరువంతా ఒక పక్కకు పడుతుంది. పడవ ఒరుగుతుంది. నీళ్లు లోపలికి వస్తాయి. ఇంట్లో పళ్లెంలో నీళ్లు పోసి, ఒక గిన్నె తేలనివ్వండి. గిన్నెలో ఒక పక్కన రాయి పెట్టండి. ఏమవుతుందో మీకే తెలుస్తుంది.

రెండోది. పెద్ద వెలుగు చూశాక, కాసేపు కళ్లకు చీకటే కనపడుతుంది. సరంగుకు కూడా అంతే. ఎదురుగా వచ్చే పడవ కనపడదు. పైగా పొగ కమ్ముకుంటుంది.

మూడోది. మోతలో మాట వినపడదు. బిడ్డ నీళ్లలో పడి అరిచినా పక్కవాళ్లకు తెలియదు.

నాలుగోది నిప్పు. పైన పేలిన వాటి ముక్కలు, రవ్వలు కిందికి రాలతాయి. పడవలో డీజిలు ఉంటుంది. కొన్ని పడవల్లో పెట్రోలు ఉంటుంది. ఒక్క రవ్వ చాలు.

ఐదోది, ఆట అయిపోయాక. అన్ని పడవలూ ఒకేసారి రేవుకు తిరుగుతాయి. ఒకదాన్నొకటి రాసుకుంటాయి. జనం దిగడానికి తోసుకుంటారు. అందుకే ఆట అయిపోయింది కదా అని జాగ్రత్త వదలకూడదు.

జరిగినవి మరిచిపోవద్దు

2017 నవంబరు 12. కార్తీకమాసం, ఆదివారం. మన కృష్ణలోనే, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి ఒక పడవ బయలుదేరింది. సాయంత్రం హారతి చూడాలని జనం ఎక్కారు. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కాల్సిన వాళ్ల కంటే ఎక్కువమంది ఎక్కారు. పడవ తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. దీపం వెలిగించడానికి వచ్చినవాళ్ల ఇళ్లలోనే దీపం ఆరిపోయింది.

2023 మే 7. కేరళలో తానూరు దగ్గర పొద్దుగూకాక ఒక పడవ మునిగింది. అందులోనూ పట్టే వాళ్ల కంటే ఎక్కువమంది ఉన్నారు. 22 మంది పోయారు. వాళ్లలో పిల్లలే ఎక్కువ.

2025 జనవరి 26 రాత్రి. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో పడవ మీద నుంచి బాణసంచా కాల్చారు. నిప్పు రవ్వలు పడవలో ఉన్న సామాను మీదే పడ్డాయి. రెండు పడవలు తగలబడ్డాయి. ఒళ్లు కాలినవాళ్లు కొందరు. నీళ్లలో దూకినవాళ్లు కొందరు. ప్రాణాలు కూడా పోయాయి. చుట్టూ నీళ్లున్నా మంట ఆగలేదు చూడండి.

మొదటి రెండు చోట్లా బాణసంచా లేదు. మూడో చోట నీళ్ల మీద నిప్పు ఉంది. పండగ రాత్రి మనం ఎక్కే పడవలో ఈ రెండు ప్రమాదాలూ కలుస్తాయి.

కూలి డబ్బుల మాట

ఇక్కడ పడవ నడిపే ఇళ్ల ఆడవాళ్లు కూడా ఉన్నారు. మీ మనసులో మాట నాకు తెలుసు. "పండగ రాత్రి నాలుగు డబ్బులొస్తాయి. వలకు అప్పు చేశాం. ఇంజను రిపేరు బాకీ ఉంది. వచ్చినవాళ్లను వద్దంటే ఎలా?" అంటారు. నిజమే. మీ కష్టం చిన్నది కాదు.

కానీ ఒక లెక్క వెయ్యండి. పదిమంది పట్టే పడవలో పదిహేను మందిని ఎక్కించారు. ఐదుగురి డబ్బులు ఎక్కువ వచ్చాయి. పడవ తిరగబడితే? పడవ పోతుంది. ఇంజను పోతుంది. కేసు అవుతుంది. మగమనిషి జైలుకు పోవచ్చు. పోయిన ప్రాణానికి ఎంత కడతాం? ఆ ఐదుగురి డబ్బులు దేనికి సరిపోతాయి?

పడవ మీ ఇంటిది. కాబట్టి మాట కూడా మీరే చెప్పాలి. "ఇంతమందే. ఒక్కరు ఎక్కువైనా కట్టు విప్పవద్దు" అని ఇంట్లో ముందే చెప్పండి. తాగి ఉంటే తెడ్డు ముట్టుకోనివ్వవద్దు. పోలీసులు ఆ రాత్రి పడవలు ఆపమంటే ఆపాలి. ఒక రాత్రి బేరం పోతే, ఇంకో రోజు వస్తుంది.

చదువు ఇక్కడ పనికొస్తుంది

మీరు చదువు నేర్చుకున్నారు. అంకెలు నేర్చుకున్నారు. ఆ చదువు బస్సు బోర్డుకే కాదు, పడవకూ పనికొస్తుంది.

మన దేశంలో 2021లో అంతర్దేశ నౌకల చట్టం వచ్చింది. ఇంజను ఉన్న పడవకు రిజిస్ట్రేషను ఉండాలి. తనిఖీ చేసిన సర్టిఫికెట్టు ఉండాలి. పడవకు నంబరు ఉందా, ఎంతమంది ఎక్కాలో రాశారా అని ఎక్కే ముందు చూడండి. కనపడకపోతే అడగండి. చెప్పకపోతే ఎక్కవద్దు.

తరవాత తలలు లెక్కపెట్టండి. "చంటిపిల్లలు లెక్కలోకి రారమ్మా" అంటారు. వస్తారు. ఒళ్లో బిడ్డ కూడా ఒక మనిషే. పడవ నడిపేవాళ్లనూ లెక్కలో కలపండి.

ఒక కాగితం మీద ఎక్కినవాళ్ల పేర్లు రాయండి. ఒడ్డున ఉన్న మనిషికి ఇచ్చి వెళ్లండి. దిగాక ఆ కాగితం చూసి పేరు పేరునా పిలవండి. ఇది రెండు నిమిషాల పని.

ఎక్కే ముందు, ఎక్కాక

లైఫ్ జాకెట్టు ప్రతి ఒక్కరికీ ఉండాలి. దాన్ని కింద వేసుకుని కూర్చుంటే లాభం లేదు. తొడుక్కోవాలి. పట్టీలన్నీ బిగించాలి. పమిట దోపుకుని, దాని మీద జాకెట్టు వేసుకోండి. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లలకు వెయ్యవద్దు. నీళ్లలో పడితే అది తల మీద నుంచి ఊడిపోతుంది. పిల్లల కొలత జాకెట్టు అడగండి. లేకపోతే బిడ్డను పడవ ఎక్కించవద్దు.

నూలు చీర కట్టుకోండి. నైలాను, పాలిస్టరు చీర నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

పడవలో కూర్చునే చూడండి. ఎంత బాగున్నా లేవవద్దు. పిల్లల్ని అంచున కాదు, మధ్యలో కూర్చోబెట్టండి. పడవలో బీడీ వద్దు. కాకరపువ్వొత్తి కూడా వద్దు.

బాణసంచా కాల్చే చోటుకు దూరంగా ఉండండి. ఎంత దూరం? పైకి లేచి పేలే గుండ్లకు అమెరికాలో ఒక లెక్క ఉంది. గుండు అడ్డంగా ఎన్ని అంగుళాలుంటే, అంగుళానికి 70 అడుగుల చొప్పున జనం దూరంగా ఉండాలి. గుండు 4 అంగుళాలు ఉంటే ఎంత? పలక తీసి లెక్క కట్టండి. 4 డెబ్బైలు 280. అంటే 280 అడుగులు. అదీ తక్కువలో తక్కువ. మన దగ్గర పోలీసులు కట్టిన తాడు ఇందుకే. అది దాటవద్దు.

గాలి కూడా చూసుకోండి. గాలి మన వైపు నుంచి బాణసంచా వైపు వీచాలి. అప్పుడు రవ్వలు, పొగ మన మీదకు రావు.

పేలని గుండు నీళ్లలో తేలుతూ కనపడితే ముట్టుకోవద్దు. పిల్లలు ఏరుకుంటారు, జాగ్రత్త. తడిసినా అది పేలవచ్చు.

ఆపద వస్తే

మనిషి నీళ్లలో పడితే గట్టిగా అరవండి. ఇంజను ఆపించండి. దాని రెక్కలు మనిషిని కోసేస్తాయి. తాడు విసరండి. గడ అందించండి. ఖాళీ డబ్బా విసిరినా పట్టుకుని తేలతారు. ఈత రానివాళ్లు దూకవద్దు. ఒకరి కోసం దూకి ఇద్దరు పోతారు.

బయటకు తీశాక కాళ్లు పట్టుకుని తిప్పవద్దు. పొట్ట నొక్కవద్దు. ఊపిరి ఉందేమో చూడండి. లేకపోతే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, గుండె మీద నొక్కాలి. ఇది ఎలా చెయ్యాలో మన ఆరోగ్య కార్యకర్తను అడిగి ముందే నేర్చుకుందాం.

పెట్రోలు, డీజిలు మంట మీద నీళ్లు పొయ్యవద్దు. మంట పాకుతుంది. ఇసుక చల్లండి. తడి గోనెసంచి కప్పండి. అందుకే పడవలో ఇసుక బకెట్టు, గోనెసంచులు ఉన్నాయేమో ముందే చూడాలి.

ఒళ్లు కాలితే 20 నిమిషాలు శుభ్రమైన చల్లని నీళ్లు పొయ్యండి. పసుపు, సిరా, పళ్ల పేస్టు పూయవద్దు. ఉతికిన బట్ట కప్పి ఆస్పత్రికి తీసుకెళ్లండి. అంబులెన్సుకు 108. అగ్నిమాపక దళానికి 101. ఏ ఆపదకైనా 112. ఈ మూడు అంకెలూ ఈ రోజే ఇంటి గోడ మీద రాయండి.

చివరి మాట

పండగ మానుకోమని నేను అనడం లేదు. బాణసంచా ఆకాశంలో పేలుతుంది. ఒడ్డున కూర్చుంటే ఇంకా బాగా కనపడుతుంది. చాప వేసుకుని, పులిహోర పెట్టుకుని, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూడొచ్చు. ఖర్చు లేదు, భయం లేదు.

పడవ ఎక్కాల్సి వస్తే మాత్రం చదివి ఎక్కండి. లెక్కపెట్టి ఎక్కండి. జాకెట్టు కట్టుకుని ఎక్కండి. ఒక్కటి తక్కువైనా దిగిపోండి. "పిరికిది" అని ఎవరన్నా నవ్వితే నవ్వనివ్వండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. ఆ నవ్వేవాళ్లకు ఒక్క మాట చెప్పండి. "2020లో అమ్మవారి పడవే ఆగింది. నేనెంత?" అని.

అందరికీ దసరా శుభాకాంక్షలు. సెలవు.

మాట్లాడుకోండి

1. మీ రేవులో ఉన్న పడవల మీద నంబరు, ఎక్కాల్సిన వాళ్ల లెక్క రాసి ఉన్నాయా? రేపు చూసి వచ్చి చెప్పండి.

2. గుండు 3 అంగుళాలు ఉంటే ఎన్ని అడుగుల దూరంలో ఉండాలి?

3. మీ పొదుపు సంఘం డబ్బుతో పిల్లల లైఫ్ జాకెట్లు కొని, పండగలకు వాడుకోవచ్చా? అందరూ కలిసి ఆలోచించండి.