స్త్రీల పొదుపు, స్త్రీల వర్తకము
(కొడవలూరు మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఆడువారికి వర్తకమేలయని మనవారు కొందఱు మమ్మడుగుచుందురు. సమాధానమునకై దూరదేశముల కేగ నక్కఱలేదు. మన నెల్లూరు జిల్లాయే చాలును. అక్షరాస్యతోద్యమపు దినములలో రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు వాచకములోని సీతమ్మ కథ చదివి, అది తమ కథయేయని గ్రహించిరి. 1992లో దూబగుంట స్త్రీలు, రోశమ్మగారు మున్నగువారు, సారాపై తిరుగబడిరి. ఆ మంట జిల్లాయెల్ల నలముకొని, 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను.

పిమ్మట జరిగినదియే నేఁటి మా ప్రస్తావము. దినమున కొక రూపాయి కూడఁబెట్టు పొదుపులక్ష్మి యుద్యమము ఈ జిల్లాలోనే పుట్టినది. రూపాయితో నేమగునందురా? పదునేనుగురు కూడిన, ఏఁటికి 5,475 రూపాయలు! ఆస్తి తాకట్టు లేకయే, గుంపు పూఁచీపై బ్యాంకులు అప్పిచ్చు పద్ధతిని నాబార్డు 1992లోనే ప్రారంభించి యుండెను.

ఇంతకును స్త్రీని వర్తకమునకు పురికొల్పునది ధనాశ కాదు. వరికోత యంత్రములు వచ్చిన పిదప మన పొలములలో కోతకూలి సన్నగిల్లెను. వడ్డీవానికి చేయి చాఁపకుండుటకును, బిడ్డ చదువు నిలువకుండుటకును ఆమె గేదెను కొనును, కుట్టుమిషను పెట్టును, అప్పడము లొత్తును. కాని వీధిలో పదిమంది అప్పడములే చేసినచో కొనువా రెవ్వరు? ఉదయగిరి స్త్రీలు చెక్కు కొయ్య గరిటెలకు, చెంచాలకు దూరపుఁ గిరాకి కలదు. భౌగోళిక సూచిక గుర్తింపును లభించినది.

అంతకంటె పెద్ద యడ్డంకి మన యిండ్లలోనే యున్నది. అప్పు ఆమె పేర, వ్యయము మగనిచేత! పెండ్లికో మోటారుబండికో సొమ్ము పోవును. వాయిదా మాత్ర మామెదే. సూక్ష్మఋణపు కంపెనీల వసూళ్ల యొత్తిడికి ప్రాణములే పోఁగా, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. కావున ఇంకను అప్పులిప్పింపుఁడని మేము కోరము. ఊరి యుమ్మడి గుంపులను వీడి కులమునకు వేఱు గుంపు గట్టుఁడనియుఁ జెప్పము. సంఘభవనపు ముందుగదిని స్త్రీల సరకుల యమ్మకమున కిండు. వారి లెక్కపుస్తకము వారిచేతనే యుండనిండు. ఈ వేదికపై నున్న కార్యవర్గమున స్త్రీ యొక్కతెయు లేకుండుట మీరును చూచుచునే యున్నారు.

ఈ తీర్మానమును మధ్యాహ్నపు సభలో ప్రవేశపెట్టుదుము. బలపఱచువారు సోదరీమణులలో నుండియే లేవవలెనని మా కోరిక.