ఎవరి సొత్తుకి ఈ కావలి? ఆఫ్రికాలో చైనా సైన్యం, మన ప్రశ్న

(జలదంకిలో ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటలకు రాతరూపం)



చైనా గురించి, ఆఫ్రికా గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. "మన ఇళ్ళ పట్టాల సంగతే ఇంకా తేలలేదు, ఆఫ్రికా మనకెందుకన్నా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక పెద్ద దేశం తన సైన్యాన్ని, తుపాకుల్ని, కెమెరాల్ని తీసుకుని ఇంకొకరి నేల మీదకొచ్చి "ఇదంతా మీ రక్షణ కోసమే" అంటే, ఆ నేల మీద బతికేవాళ్ళు ఏం అడగాలి? ఇది అక్కడి పశువుల కాపరికి ఎంత అవసరమో, అడవి పక్కన, చెరువు పక్కన బతికే మనకీ అంతే అవసరం.

కావలి అనే మాట మనకు కొత్త కాదు. మన తాతలు ఊళ్ళకు కావలి కాశారు. ఇప్పుడు మనవాళ్ళు రొయ్యల గుంటల కాడ, మామిడి తోటల కాడ కాపలా ఉంటున్నారు. రాత్రంతా నిద్ర మానుకుని కాస్తారు. గుంట వాళ్ళది కాదు, రొయ్య వాళ్ళది కాదు. కావలి కాసేవాడు ఒకడు, సొత్తు ఇంకొకడిది అన్న సంగతి మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆ తెలివితోనే ఆఫ్రికా వైపు చూద్దాం.

ముందు చైనాకు దక్కాల్సిన న్యాయం చేద్దాం. ఆఫ్రికాను ముక్కలు కోసి పంచుకున్నది చైనా కాదు. ఇంగ్లండు, ఫ్రాన్స్, బెల్జియం, పోర్చుగల్, జర్మనీ. ఆ వలసపాలన మీద ఆఫ్రికా జనం తిరగబడ్డప్పుడు చైనా వాళ్ళకు శిక్షణ ఇచ్చింది. జింబాబ్వే, మొజాంబిక్ గెరిల్లాలకు యుద్ధం నేర్పినవాళ్ళలో చైనా శిక్షకులు ఉన్నారు. 1970 నుంచి 1975 దాకా టాంజానియా రేవు నుంచి జాంబియా దాకా 1,860 కిలోమీటర్ల రైలుదారి వేసింది. జాంబియా రాగి తెల్లవాళ్ళ పాలనలోని దేశాల మీదుగా పోకుండా సముద్రం చేరడానికి వేసిన దారి అది. అందుకే అక్కడి ముసలివాళ్ళకు చైనా అంటే ఇప్పటికీ గౌరవం. ఈ సంగతి దాచిపెట్టి మాట్లాడితే అబద్ధం చెప్పినట్టే.

మరి తర్వాత ఏం మారింది? అప్పట్లో చైనా ఆఫ్రికాకు వెళ్ళింది స్నేహం కోసం, పేరు కోసం. తర్వాత చమురు కోసం, రాగి, కోబాల్ట్ కోసం, కాంట్రాక్టుల కోసం వెళ్ళింది. అప్పులిచ్చింది, రేవులు కట్టింది, గనులు తవ్వింది. డబ్బు పోయిన చోటికి మనుషులు పోతారు. మనుషులకు ఆపద వస్తే కాపలా పోతుంది. 2011లో లిబియాలో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ పనిచేస్తున్న 35 వేల మందికి పైగా చైనా పౌరుల్ని ఓడల్లో, విమానాల్లో బయటకు తీసుకురావాల్సి వచ్చింది. అంతకుముందే, 2008 డిసెంబరు నుంచి, సోమాలియా దొంగల నుంచి ఓడల్ని కాపాడటానికి చైనా యుద్ధనౌకలు ఏడెన్ సింధుశాఖలో తిరుగుతున్నాయి.

2017 ఆగస్టు 1న జిబౌటిలో చైనా తన మొదటి విదేశీ సైనిక స్థావరం తెరిచింది. జిబౌటి చిన్న దేశం. జనాభా సుమారు పది లక్షలు. కానీ ఎర్రసముద్రం గుమ్మం మీద కూర్చుని ఉంది. ఆ గుమ్మం కోసమే అమెరికా, ఫ్రాన్స్, జపాన్, ఇటలీ కూడా అక్కడ స్థావరాలు పెట్టుకున్నాయి. 2014 ఒప్పందం ప్రకారం అమెరికా ఒక్కటే ఏడాదికి 6.3 కోట్ల డాలర్ల అద్దె కడుతుంది. అద్దె ఎవరి చేతికి పోతుంది? 1999లో గద్దెనెక్కిన అధ్యక్షుడి ప్రభుత్వానికి. ఎండిపోయిన నేలలో మేకలు, ఒంటెలు మేపుకునేవాడిని పిలిచి "మీ రేవు పక్కన ఇన్ని సైన్యాలు ఉండొచ్చా?" అని ఎవరూ అడగలేదు.

స్థావరం ఒకటి. రెండోది ఆయుధాలు. 2019 నుంచి 2023 దాకా సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలు కొన్న పెద్ద ఆయుధాల్లో 19 శాతం చైనావని స్వీడన్‌లోని సిప్రి సంస్థ లెక్క తేల్చింది. రష్యాను దాటి అక్కడ మొదటి స్థానానికి వచ్చింది. మూడోది శిక్షణ. 2024 సెప్టెంబరులో బీజింగ్‌లో ఆఫ్రికా నాయకులను కూర్చోబెట్టి షీ జిన్‌పింగ్ మాట ఇచ్చాడు: వంద కోట్ల యువాన్ల సైనిక సాయం, 6,000 మంది సైనికులకు, 1,000 మంది పోలీసులకు శిక్షణ. ఆ ఏడాదే చైనా, టాంజానియా, మొజాంబిక్ సైన్యాలు కలిసి విన్యాసాలు చేశాయి. నాలుగోది కెమెరాలు. ఉగాండా రాజధాని కంపాలాలో చైనా కంపెనీ హువావే ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు పెట్టింది. నేరాలు ఆపడానికే అన్నారు. 2020 నవంబరులో ప్రతిపక్ష నాయకుడు బోబీ వైన్‌ను అరెస్టు చేస్తే జనం రోడ్డు మీదకొచ్చారు. 54 మంది చనిపోయారు. ఆ కెమెరాల సాయంతోనే చాలామందిని పట్టుకున్నామని పోలీసులే చెప్పుకున్నారు.

తమ్ముళ్ళూ, ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. "మేం మీ ఇంటి విషయాల్లో తలదూర్చం" అంటుంది చైనా. వినడానికి ఎంత బాగుంది! అమెరికా లాగా నీతులు చెప్పదు, ఫ్రాన్స్ లాగా పెత్తనం చెయ్యదు. కానీ ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంది? యజమానితోనే. ఆ యజమాని ఇంట్లోవాళ్ళను కొడుతున్నా సరే, అది "ఇంటి విషయం". తలదూర్చకపోవడం అంటే పాలకుడితో మాత్రమే మాట్లాడటం. కింద ఉన్నవాడికి ఆ మాటలో చోటు లేదు.

జింబాబ్వే సంగతి చూడండి. మరాంగే అనే చోట 2006లో వజ్రాలు బయటపడ్డాయి. పేదలు వేలల్లో వచ్చి చేతులతో తవ్వుకున్నారు. 2008 చివర్లో సైన్యం వచ్చింది. రెండు వందల మందికి పైగా చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ రాసింది. తర్వాత వచ్చిన కంపెనీల్లో అంజిన్ ఒకటి. అందులో ఒక చైనా కంపెనీ, జింబాబ్వే సైన్యంతో ముడిపడ్డ సంస్థ భాగస్వాములు. ఊళ్ళవాళ్ళను అక్కడి నుంచి లేపి దూరంగా ఇంకోచోట దించారు. అదే చైనా కంపెనీ సైన్యానికి రక్షణ కళాశాల కట్టింది. దానికి చైనా బ్యాంకు ఇచ్చిన అప్పు 9.8 కోట్ల డాలర్లు. నేల జనానిది, వజ్రం కంపెనీది, కళాశాల సైన్యానిది. ఇందులో "రక్షణ" ఎవరికి దొరికింది?

దక్షిణ సూడాన్‌లో చైనా చమురు కంపెనీ ఉంది. 2013 చివర్లో అంతర్యుద్ధం మొదలైంది. 2014 మేలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2155వ తీర్మానం చేసింది. శాంతి దళాలు జనాన్ని కాపాడాల్సిన చోట్లలో బడులు, ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాలు ఉన్నాయి. వాటి పక్కనే చమురు స్థావరాలు కూడా చేరాయి. 2015లో చైనా తన 700 మంది సైనికుల దళాన్ని అక్కడికి పంపింది. 2016 జులైలో జూబా పోరులో ఇద్దరు చైనా సైనికులు చనిపోయారు. వాళ్ళూ ఏదో పల్లెటూరి బిడ్డలే. వాళ్ళ మీద మనకు కోపం ఎందుకు? చెప్పిన చోట కావలి కాశారు. ఆ జాబితాలో చమురును ఎవరు చేర్చారన్నదే ప్రశ్న.

అయితే ఆఫ్రికా జనం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2008 ఏప్రిల్‌లో ఆన్ యూ జియాంగ్ అనే చైనా ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకొచ్చింది. అందులో 77 టన్నుల ఆయుధాలు, లక్షల తూటాలు. పోవాల్సింది జింబాబ్వేకి. అప్పుడే అక్కడ ఎన్నికలు జరిగాయి, ఓడిపోతున్న ముగాబే ప్రభుత్వం ఫలితం చెప్పకుండా నాన్చుతోంది. రేవు హమాలీలు "ఈ పెట్టెలు మేం దించం" అన్నారు. ఆ తూటాలు పక్కదేశపు పేదల మీదకే పోతాయని వాళ్ళకు తెలుసు. ఒక బిషప్ కోర్టుకెళ్ళాడు, కోర్టు ఆపమంది. ఓడ సరుకు దించకుండానే డర్బన్ వదిలిపోయింది. కూలి మీద బతికేవాళ్ళు ఆపిన ఓడ అది.

ఇదంతా విని "చైనా చెడ్డది" అని తేల్చేసి ఇంటికి పోతే, నేను చెప్పింది సగమే విన్నట్టు. మాలీలోని మౌరా ఊళ్ళో 2022 మార్చిలో మాలీ సైన్యం, దాని వెంట వచ్చిన విదేశీ సాయుధులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. ఆ విదేశీయులు చైనా వాళ్ళు కాదు. ఆఫ్రికా పక్కన హిందూ మహాసముద్రంలో డీగో గార్సియా దీవి ఉంది. అక్కడ అమెరికా స్థావరం కోసం 1968 నుంచి 1973 మధ్య బ్రిటన్ చాగోస్ దీవుల జనం మొత్తాన్నీ ఓడలెక్కించి పంపేసింది. ఇప్పటికీ వాళ్ళు తిరిగి పోవడానికి పోరాడుతూనే ఉన్నారు.

మరి మనదేశం? చైనా హిందూ మహాసముద్రంలోకి వచ్చిందని మన ప్రభుత్వమూ కదిలింది. మారిషస్‌కు చెందిన అగలేగా దీవుల్లో భారత్ కట్టిన విమానాల రన్‌వే, ఓడల జెట్టీ 2024 ఫిబ్రవరి 29న మొదలయ్యాయి. అక్కడ ఉండేది సుమారు 300 మంది. ఇంకా దగ్గరికి రండి. జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ రాడార్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగింది. దానికి ఇచ్చింది సుమారు 2,900 ఎకరాల అడవి. సముద్రంలో పెరిగిన పోటీ సముద్రం లేని ఊరి అడవి మీద పడింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, పర్యావరణం కోసం పనిచేసేవాళ్ళు వద్దన్నారు. "దేశ రక్షణ" అనే ఒక్క మాటతో ఆ వాదన అయిపోయింది.

మన పాత ఉమ్మడి జిల్లా సంగతి పెద్దలకు తెలుసు. శ్రీహరికోట సైనిక స్థావరం కాదు, అంతరిక్ష కేంద్రం. మనమూ గర్వపడతాం. కానీ 1969లో ఆ దీవిని ఎంచినప్పుడు అక్కడ అడవి మీద, పులికాట్ నీళ్ళ మీద బతికే యానాదులున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ లేచింది. దేశం పైకి చూసింది. లేచిపోయిన గుడిసెల వైపు చూసినవాళ్ళు తక్కువ. ఇంకా వెనక్కి పోతే, మనకు కూతవేటులో ఉన్న కావలి. ఆ పేరులోనే కాపలా ఉంది. తెల్లవాళ్ళ కాలంలో ఎరుకల కుటుంబాలను "నేరస్థ జాతి" అని ముద్రవేసి అక్కడి సెటిల్‌మెంటులో పెట్టారు. దాన్ని నడిపింది అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషన్. ఊళ్ళ రక్షణ కోసం అన్నారు. కావలి కాసింది మన మీదే.

దేశానికి రక్షణ వద్దని నేను అనడం లేదు. సరిహద్దులో మన పిల్లలూ ఉన్నారు. కానీ ఆ మాట ఎన్ని తలుపులు మూస్తుందో తెలుసుకోండి. 2013 భూసేకరణ చట్టంలో 40వ సెక్షను కింద దేశ రక్షణ, జాతీయ భద్రత పేరు చెప్తే సామాజిక ప్రభావ అంచనా లేకుండానే భూమి తీసుకోవచ్చు. వన సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణలో పది హెక్టార్ల దాకా భద్రతా నిర్మాణాలకు మినహాయింపు దొరికింది. సమాచార హక్కు చట్టంలో 8వ సెక్షను దేశ భద్రతకు సంబంధించిన కాగితం ఇవ్వక్కర్లేదంటుంది. అదే సెక్షనులో రెండో భాగం, ప్రజల మేలు ఎక్కువైతే ఇవ్వొచ్చని కూడా అంటుంది. ఆ రెండో భాగం చదివినవాళ్ళు మనలో ఎంతమంది?

అందుకే మూడు ప్రశ్నలు పట్టుకుని వెళ్ళండి. చైనానే కానీ, అమెరికానే కానీ, మన సర్కారే కానీ, అందరికీ ఇవే.

ఒకటి: ఎవరి సొత్తుకి ఈ కావలి? బడికా, గనికా? రెండు: కాగితం ఏది? సంతకం ఎవరిది? గ్రామసభ ముందుకు వచ్చిందా? 2013లో నియమగిరిలో సుప్రీంకోర్టు అడగమన్నందుకే 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి, గని ఆగింది. నెల్లూరు జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, పెసా చట్టం మనకు వర్తించదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం ఉదయగిరి కొండలకు, వెలిగొండ అడవులకు కూడా వర్తిస్తుంది. హక్కు పత్రం కోసం దరఖాస్తు పెట్టనివాళ్ళు ఇంకా ఉంటే ముందు ఆ పని చూడండి. పేరు కాగితంలో లేనివాడిని ఎవరూ అడగరు. మూడు: వెళ్ళిపొమ్మంటే వెళ్తారా? 2024లో నైజర్ చెప్తే అమెరికా సైన్యం అగడేజ్ నుంచి సర్దుకుని పోయింది. డీగో గార్సియా జనం మాత్రం యాభై ఏళ్ళుగా చెప్తూనే ఉన్నారు. వచ్చేటప్పుడు అడగనిది తర్వాత అడగడం చాలా కష్టం.

ఆఫ్రికాలో మన వయసు పిల్లలు ఈ ప్రశ్నలే అడుగుతున్నారు. కొందరు జైళ్ళలో ఉన్నారు. వాళ్ళ భాష మనకు రాదు, మన పేర్లు వాళ్ళకు తెలియవు. ప్రశ్న మాత్రం ఒకటే. రేపు మన ఊరికి ఎవరైనా వచ్చి "మీ రక్షణ కోసం" అంటే చప్పట్లు కొట్టే ముందు కాగితం చూపించమని అడగండి. చదవడం రానివాళ్ళుంటే మీరు చదివి వినిపించండి. చదువుకున్నందుకు మీరు ఊరికి తీర్చాల్సిన బాకీ అది.

జోహార్. జై ఆదివాసీ.