పాదం కొలిచి బూటు కొందాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదికపై ఉన్న గురువులకు పాదాభివందనం. మిత్రులకు నమస్కారం. పాదాల మాట ఎలాగూ వచ్చింది కాబట్టి వాటి గురించే నాలుగు మాటలు చెబుతాను.

కిందటి జూన్‌లో మా బ్యాచ్ తరఫున ఈ బడి పిల్లలకు నల్లబూట్లు ఇచ్చాం. తరగతిని బట్టి అంచనా వేసి ఆర్డరు పెట్టింది నేనే. ఆగస్టు 15న జెండా వందనానికి వస్తే, ఏడో తరగతి పాప ఒకతె బూటు మడమ తొక్కేసి, చెప్పుల్లా ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఎందుకమ్మా అంటే, "వేళ్లు నొక్కుకుంటున్నాయి సార్. మీరిచ్చినవి కదా, వేసుకోకపోతే బాగుండదని..." అంది. ఆమె పాదం కాగితం మీద గీసి కొలిచాను. రెండు నంబర్లు తక్కువ! నంబరుకు 8.5 మిల్లీమీటర్ల లెక్కన 17 మిల్లీమీటర్లు.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో షాఫ్టు కొలవకుండా ఏనాడూ బేరింగు తెప్పించలేదు. పిల్లల పాదాల దగ్గర ఆ బుద్ధి ఏమైందో!

పెద్దవి కొన్నా తప్పే. మా నాన్నగారు "పెరిగే కాళ్లురా" అంటూ పెద్ద బూట్లు కొని ముందు కాగితం కుక్కేవారు. పరుగుపందెంలో నాకంటే నా బూటే ముందు చేరింది.

చంటిబిడ్డ పాదంలో ఎక్కువ భాగం మెత్తని మృదులాస్థే. అది ఎముకగా గట్టిపడటం యుక్తవయసు దాకా సాగుతుంది. అందుకే ఇరుకు బూటులో పసిపాదం చప్పుడు చేయకుండా ఒదిగిపోతుంది. చిన్నపిల్లల అరికాలు చదునుగా ఉంటే కంగారు వద్దు, వంపు నెమ్మదిగా వస్తుంది. రెండేళ్ల దాకా కాళ్లు విల్లులా వంగి ఉండటం, మూడు నాలుగేళ్లకు మోకాళ్లు రాసుకోవడం, ఏడెనిమిదేళ్లకు సర్దుకోవడం మామూలే. ఒక్క కాలే వంగినా, నొప్పి ఉన్నా, కుంటుతున్నా డాక్టరుకు చూపించాలి.

రావు, జోసెఫ్ అనే మన దేశపు వైద్యులు 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. పాదరక్షలు వాడేవారిలో 8.6 శాతం మందికి, వాడనివారిలో 2.8 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. వేళ్లు మూసే బూట్లు వాడేవారిలో ఎక్కువ. అలాగని వట్టికాళ్లతో తిప్పమనడం లేదు. ముళ్లు, గాజుపెంకులు, కొంకిపురుగులు ఉన్నాయి కదా.

కొనేటప్పుడు సాయంత్రం పూట, పిల్లను నిలబెట్టి, రెండు పాదాలూ కొలవండి. పెద్ద పాదాన్ని బట్టి కొనండి. పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అట్ట వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో కాదు. ఆరు నెలలకోసారి మళ్లీ చూడండి. అన్న అరగదీసిన బూటు తమ్ముడికి వేయకండి.

ప్రధానోపాధ్యాయుల వారికి రెండు మనవులు. పట్టీ ఉన్న శాండల్స్‌ను కూడా యూనిఫాంలో చేర్చండి. తరగతిలో కూర్చున్నంతసేపు బూట్లు విప్పుకోనివ్వండి. మా రోజుల్లో చెప్పులన్నీ వరండాలోనే ఉండేవి, చదువు ఏమీ తగ్గలేదు.

వచ్చే జూన్‌లో ఆర్డరుకు ముందే మా బ్యాచ్ వాళ్లం కాగితాలు, పెన్సిళ్లు పట్టుకొస్తాం. నేలమీద కూర్చుని ఒక్కో పాదం గీసుకుంటాం. ఆ పాపకు కొత్త బూట్లు అందాయి. ఇంకా ఎందరు మొహమాటంతో చెప్పలేదో, ఆ లెక్క తేల్చడం మా బాధ్యత.

సెలవు.