జేబులో ఒపినెల్

మడత కత్తులంటే ఇష్టపడేవాళ్లు కలిస్తే, రోజూ జేబులో ఉండేదాన్ని తీసి చూపించుకుంటారు. వాటిలో తరచూ కనిపించేది ఫ్రాన్స్‌ కత్తి ఒపినెల్.

ఆల్ప్స్ పర్వతాల సవోయ్ ప్రాంతంలో, 1890లో జోసెఫ్ ఒపినెల్ దీన్ని రూపొందించాడు. బీచ్ చెక్క పిడి, ఉక్కు బ్లేడు. అంతే! రొట్టె, జున్ను కోసుకోవడానికి అది చాలు. 1955లో పిడి అంచుకు తిరిగే ఉంగరం వచ్చింది. దాన్ని తిప్పితే, తెరిచిన బ్లేడు వేళ్ల మీదికి మడతపడదు. ఎంత చిన్న ఏర్పాటు, ఎంత గొప్ప రక్షణ!

కార్బన్ ఉక్కు బ్లేడుకు పండ్లు కోసేకొద్దీ నీలి బూడిద రంగు ఎక్కుతుంది. అభిమానులు మురిపెంగా చూపించేది ఆ రంగునే. అది చెడ్డ తుప్పు కాదు. తడి ఉంచితే మాత్రం ఎర్ర తుప్పు పడుతుంది. అందుకే కోసిన వెంటనే తుడవాలి. తుడిచి, ఆరాకే మడవాలి.

చెక్క పిడిని నీళ్లలో నానబెట్టకూడదు. ఉబ్బితే బ్లేడు తెరవడం కష్టం.