లవ్‌బర్డ్స్ జంట: గూడు పెట్టె తగిలించే ముందు

(మహానందిలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ ఊళ్లో మా ఇంటి వసారాలో ఒక లవ్‌బర్డ్స్ జంటను సాకుతున్నాను. మీలో కొందరి ఇళ్లలో ఇప్పటికే ఉన్నాయి. మనవళ్ల ముచ్చట కోసం కొనాలనుకునేవారూ ఉన్నారు. అందుకే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా ఏది కొంటున్నామో తెలియాలి. మన అంగళ్లలో లవ్‌బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జరిగార్లు. సన్నగా, పొడుగు తోకతో ఉంటాయి. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. అసలు లవ్‌బర్డ్ ఆఫ్రికాది. పొట్టి తోక, గుండ్రని ఒళ్లు, గట్టి ముక్కు. వీటిలో ఫిషర్ వంటి జాతులను 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా తెలపాలి. మన రామచిలుకను పెంచడమైతే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే.

జంటకు ఏడాది వయసైనా నిండాకే గూడు పెట్టె పెట్టాలి. తోబుట్టువులను జత కట్టరాదు. కొబ్బరాకు చీలికలు వేస్తే ఆడపక్షి ముక్కుతో కత్తిరించి గూడు పేర్చుకుంటుంది. రోజు విడిచి రోజు 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది. సుమారు 23 రోజులు పొదుగుతుంది. అన్ని రోజులూ మగపక్షి మేత తెచ్చి నోటికి అందిస్తుంది. పిల్లలు ఆరు వారాలకు బయటికి వచ్చినా, మరో రెండు వారాలు పెద్దవాటి దగ్గరే ఉండాలి.

మేతకు దూరం పోనక్కరలేదు. కొర్రలు, సజ్జలు, వరిగలు మన సీమ పంటలే. నంద్యాల పరిశోధనా స్థానం వారి సూర్యనంది కొర్ర మనకు తెలిసినదే. అయితే ఉత్త గింజలు చాలవు. ఆకుకూర, క్యారెట్, అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డు కొద్దిగా పెట్టాలి. గుడ్డు పెంకుకు సున్నపు సత్తువ కావాలి గనుక సముద్రపు నురుగు ముక్క పంజరానికి కట్టాలి. టీ, కాఫీ, చాక్లెట్, ఉప్పు తగలరాదు.

అసలు చెప్పదలచినది ఇది. డి.ఆర్. విడతలు ఎన్ని వచ్చినా మనకు చాలవు గాని, గుడ్ల విడతలు ఏడాదికి రెండుకు మించరాదు. పెట్టె అలాగే ఉంచితే ఆడపక్షి ఆగదు. ఒంట్లో సత్తువ తగ్గి గుడ్డు అడ్డం పడుతుంది. అప్పుడది ఈకలు ఉబ్బించి పంజరం అడుగున ముక్కుతూ కూర్చుంటుంది. చేత్తో నొక్కకండి. వెచ్చగా ఉంచి వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే ప్రాణం దక్కదు.

కాబట్టి పెట్టె తీసేయడమూ సాకడంలో భాగమే. ఇక్కడ కోనేటి నీళ్లు, అరటితోటలు, నల్లమల నీడ ఉన్నా ఏప్రిల్, మే ఎండ ఎండే. చెక్కపెట్టెలో పిల్లలు తట్టుకోలేవు. నేను వేసవికి ముందే పెట్టె తీసి, వానలు పడి చల్లబడ్డాకే తగిలిస్తాను.

మరో లెక్క చూడండి. విడతకు 4 పిల్లలనుకున్నా రెండు విడతలకు 8. అవి ఎవరింటికి పోతాయి? అడవిలో వదిలితే పుణ్యమనుకోవద్దు. పంజరంలో పుట్టినదానికి మేత వెతుక్కోవడం, డేగను తప్పించుకోవడం తెలియదు. తీసుకునే ఇల్లు కుదరకపోతే పెట్టె పెట్టకపోవడమే మేలు. పిల్లలు లేకపోయినా జంట హాయిగా బతుకుతుంది.

మన ఆరోగ్యమూ చూసుకోవాలి. రెట్టల దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. పంజరం పడకగదిలో వద్దు. తడిగుడ్డతో తుడవాలి. పక్షులున్న ఇంట్లో దగ్గు, జ్వరం వస్తే డాక్టరుగారికి పక్షుల సంగతి చెప్పాలి.

చివరిగా, బాగా చూసుకుంటే లవ్‌బర్డ్ 10, 12 ఏళ్లు, అంతకు పైగా బతుకుతుంది. మన వయసు మనకు తెలుసు. పెన్షన్ కాగితాల్లో నామినీ పేరు రాశాం గదా! ఈ పక్షులకూ ఒక నామినీని ఇప్పుడే అడిగి ఒప్పించుకోండి. మా ఇంట్లో కోడలు ఒప్పుకున్న తర్వాతే నేను గూడు పెట్టె తెచ్చాను.