డాక్టర్ని అడగండి, కాగితం దాచుకోండి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఆగస్టు 9న సత్తెనపల్లి సభలో చేసిన ప్రసంగం)



నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. బీఈడీ చదివి హాస్టల్ వార్డెన్‌గా వచ్చినదాన్ని. కానీ రాత్రి పదింటికి పిల్లకు జ్వరం వస్తే ఆటోలో తీసుకెళ్లేది వార్డెనే కదా! అలా ఆసుపత్రి బల్లల మీద కూర్చుని కూర్చుని తెలుసుకున్న సంగతులే ఇవాళ చెబుతాను. చేతులు కడుక్కోండి, ఆకుకూరలు తినండి అని చెప్పను. అవి మీరు మూడో తరగతిలోనే కంఠతా పట్టారు.

మనకు ఒంట్లో బాగోకపోతే మొదట ఎక్కడికి వెళ్తాం? ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి. ఆయన్ని తిట్టడానికి నేను రాలేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేస్తాడు. డబ్బులు మిరపకాయలు అమ్మాక ఇవ్వమంటాడు. మీ అమ్మను "ఏం పెద్దమ్మా, ఎట్లా ఉన్నావు" అని పలకరిస్తాడు. టౌన్లో పెద్ద డిగ్రీ ఉన్నాయనేమో తలెత్తకుండానే చీటీ రాసేస్తాడు. మనవాళ్లు తెలివితక్కువై ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లడం లేదు. మర్యాద దొరికే చోటికి వెళ్తున్నారు. ఈ మాట ఆరోగ్య సమావేశాల్లో ఎవరూ ఒప్పుకోరు.

అయితే మర్యాద వేరు, వైద్యం వేరు. కంబోడియా దేశంలో రోకా అని ఒక పల్లె ఉంది. 2014 డిసెంబరులో ఆ చుట్టుపక్కల 200 మందికి పైగా హెచ్ఐవీ ఉందని బయటపడింది. పసిపిల్లలకు ఉంది, ముసలివాళ్లకు ఉంది. ఆ ఊళ్లో లైసెన్సు లేకుండా వైద్యం చేసే ఒకాయన వాడిన సిరంజీలే మళ్లీ వాడాడు. ఊరివాళ్లకు ఆయనంటే ప్రాణం. చేతిలో డబ్బు లేకపోయినా చూసేవాడు. 2015 డిసెంబరులో కోర్టు ఆయనకు 25 ఏళ్ల జైలు శిక్ష వేసింది. మనిషి మంచివాడే కావచ్చు, సూది మంచిది కాకపోతే ఏం చేస్తాం?

ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. మన ఊళ్లలో ఆ పేరుతో పిలిచేవాళ్లలో చాలామందికి ఆ రిజిస్ట్రేషనే ఉండదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు గానీ, 5 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అది ప్రభుత్వం చూసుకోవాల్సిన పని. మన పని ఇంకోటి ఉంది.

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. ఎప్పుడూ నీరసం. ఇంటికి వెళ్లినప్పుడల్లా వాళ్ల నాయన సెలైన్ ఎక్కించి పంపేవాడు. ఒక రోజు ప్రార్థనలో నిలబడి ఉండగా కూలిపోయింది. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ముందు చీటీ ముట్టుకోలేదు. పిల్ల కింది కనురెప్ప లాగి చూసింది. నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది, మట్టి గానీ బియ్యం గానీ తినాలనిపిస్తుందా, చెప్పులు లేకుండా తిరుగుతావా, మీ ఇంట్లో ఎవరికైనా రక్తం ఎక్కించారా అని అడిగింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8. ఆడపిల్లకు 12 ఉండాలి. 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత.

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు బాగా నచ్చింది. విషయమంతా నాకు కాదు, పిల్లకు చెప్పింది. "ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా వస్తుంది, భయపడి మానొద్దు. టీతో వేసుకోవద్దు, నిమ్మరసం మంచిది" అంది. నులిపురుగుల మాత్ర కూడా ఇచ్చింది. నల్లగా వస్తుందని ముందే తెలుసు కాబట్టి పిల్ల మాత్రలు మానలేదు. మూడు నెలలకు 10.9 అయింది. మాత్రలకు పైసా ఖర్చు కాలేదు. అంతకుముందు ఎక్కించిన సెలైన్లకు వాళ్ల నాయన ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నాడో మీరే లెక్కేయండి.

ఇంతకీ ఆ బాటిల్లో ఏముంటుంది? అర లీటరు మామూలు సెలైన్‌లో 4.5 గ్రాముల ఉప్పు. గ్లూకోజ్ బాటిల్ అంటారే, 5 శాతం ఉండే ఆ అర లీటరులో 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. అంతే. వాంతులు, విరేచనాలతో మనిషి నీళ్లు కూడా తాగలేని స్థితిలో ఉంటే అది ప్రాణం నిలబెడుతుంది, కాదనను. తాగగలిగిన మనిషికి ఓఆర్ఎస్ ప్యాకెట్ చాలు. నీరసానికి మాత్రం అది మందు కాదు. నీరసం ఎందుకొచ్చిందో కనిపెట్టడమే మందు. సీజన్ జ్వరాలప్పుడు ఇంకో మాట గుర్తుంచుకోండి. డెంగీ అని అనుమానం ఉంటే నొప్పుల సూదులు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ తీసుకోకూడదు. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు.

మంచి డాక్టర్ని ఎలా గుర్తుపట్టాలని మీరు అడుగుతారు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అది నిబంధన. ఫోన్లో రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో ఆ పేరు వెతకొచ్చు. రోజంతా రీల్స్ చూసే ఫోనే, ఒక్క నిమిషం దీనికి వాడండి. నంబరు ఉందంటే చదువుకున్నాడని అర్థం, అంతవరకే. మంచివాడో కాదో మూడు ప్రశ్నల్లో తెలుస్తుంది. నాకు ఏమైంది? ఈ మందు దేనికి, ఎన్నాళ్లు? ఏమైతే మళ్లీ రావాలి? వీటికి మనకు అర్థమయ్యే తెలుగులో జవాబు చెబితే ఆ డాక్టర్ని వదలొద్దు. "డాక్టర్ నువ్వా నేనా" అంటే ఇంకొకర్ని చూసుకోండి. రెండో అభిప్రాయం తీసుకోవడం మన హక్కు, ద్రోహమేమీ కాదు. సూది వెయ్యమని మనమే బలవంతపెట్టడం కూడా మానాలి. మన అడగడం వల్లే సగం సూదులు పడుతున్నాయని నా అనుమానం.

చెల్లెళ్లకు ఒక మాట. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని అడిగే హక్కు మీకుంది. సిగ్గుపడి రోగం దాచుకోవద్దు.

పెళ్లి కావాల్సినవాళ్లందరూ ఇది వినండి. సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లందరికీ పరీక్ష చెయ్యాలన్నది లక్ష్యం. భార్యాభర్తలిద్దరికీ ఆ లక్షణం ఉంటే, వాళ్లు మామూలుగా తిరుగుతున్నా, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. జాతకాలు, కట్నాలు మాట్లాడుకునే చోట ఈ కాగితం కూడా పెట్టండి. మీ ఏఎన్ఎంని అడిగితే పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రి అంటే చిన్నచూపు వద్దు. గుంటూరు పెద్దాసుపత్రిలో 2016లో గుండె మార్పిడి ఆపరేషన్ చేశారు. క్యూ ఉంటుంది, విసుక్కుంటారు, అదీ నిజమే. దానికి కూడా మాట్లాడాల్సింది మనమే. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఆసుపత్రి కట్టేముందు గోండులను అడిగారు. పెద్ద భవనం చూస్తే భయం, తెల్లబట్ట శవం మీద కప్పేది కదా, మీరంతా తెల్లకోట్లు వేసుకుంటారెందుకు అన్నారు గోండులు. అక్కడి ఆసుపత్రి గుడిసెల మాదిరిగా లేచింది, పేరు దంతేశ్వరి అమ్మవారిది. వాళ్లు చెప్పబట్టే అది జరిగింది. మనమూ గ్రామసభలో, ఆసుపత్రిలో నోరు తెరవాలి.

చివరిగా కాగితాల సంగతి. చీటీలు, రిపోర్టులు బియ్యం డబ్బా వెనకో, చూరులోనో పెడతారు, ఎలుకలు కొడతాయి. ఏడాది తర్వాత డాక్టరు "ముందు ఏం వాడారు" అంటే "తెల్ల మాత్రలండీ" అంటాం. ప్రతి మనిషికీ ఒక ఫైలు పెట్టండి. మొదటి కాగితం మీద రక్తం గ్రూపు, ఏ మందు పడదు, పాత ఆపరేషన్లు, ఆఖరిసారి చూసిన బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ రాయండి. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆసుపత్రిలో చేరి ఉంటే రికార్డులు అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి నియమం. మీ యాడికి, బాపుకి చదువు రాకపోతే ఈ పని మీదే. ఇంట్లో మొదట చదువుకున్నది మీరే కదా.

రేపు ఆగస్టు 10, నులిపురుగుల నివారణ దినం. బడిలో, అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు, మీ చిన్నవాళ్లను పంపండి. నేను ఇవాళ కొన్ని ఖాళీ ఫైళ్లు తెచ్చాను, మొదటి కాగితం రాసే పద్ధతి లోపల పెట్టాను. భోజనాల దగ్గర బల్ల మీద ఉంటాయి, ఇంటికొకటి తీసుకెళ్లండి. పెన్ను మీదే.