చెత్తనుండి ఎరువు: కాపలా ఎచ్చట?
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఇంటి చెత్త బండినెక్కి, షెడ్డునకు చేరి, ఎరువై తిరిగి పొలమునకు పోవుచున్నది. పూర్వము మన పెంటకుప్పలు చేసిన పనియే ఇది. అయితే నాటి కుప్పలో పేడ, బూడిద, గడ్డి ఉండెడివి. నేటి చెత్తలో పాతరకపు ట్యూబులైట్లు, బ్యాటరీలు కూడ వచ్చుచున్నవి.

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ననుసరించి, అమ్మెడు పట్టణ కంపోస్టు కిలోకు పాదరసము 0.15 మిల్లీగ్రామును, సీసము 100 మిల్లీగ్రాములను మించరాదు. అట్టి ట్యూబులైటు ఒక్కదానిలోనే కొన్ని మిల్లీగ్రాముల పాదరసముండును! గాజుపెంకులను జల్లెడపట్టి తీయవచ్చును. పాదరసమును తీయు జల్లెడ లేదు. ఒక్కమారు పొలము చెడినచో ఆ రైతు మరల మన ఎరువు ముట్టడు.

కావున కాపలా షెడ్డువద్ద గాక గడపవద్దనే ఉండవలెను. కలగలిపిన చెత్తను తిరస్కరించు అధికారమును బండి కార్మికునకు తీర్మానముద్వారా ఇవ్వవలెను. అది సర్పంచిగారి యింటి బుట్టయైనను సరే! ట్యూబులైట్లకు, బ్యాటరీలకు వేరొక పెట్టె ఉంచవలెను. ప్రతి కుప్పకును సంఖ్య వేసి, అది ఏ వీధి చెత్తయో, ఎవరు కొనిరో పుస్తకమున వ్రాసినచో, దోషము కనబడిననాడు ఆ కుప్పను మాత్రమే ఆపవచ్చును.

ఇక ప్లాస్టిక్ తుక్కునకు ఒక్క వ్యాపారినే నమ్ముకొనరాదు. 2018లో చైనా విదేశపు తుక్కును నిషేధింపగా పలుదేశములలో ధరలు పడిపోయినవి. బేరము కుదరని నెలలలో సరుకు తడవకుండ పైకప్పుగల చోటును, కార్మికుని జీతమునకు కొంత నిధిని ముందే చూచుకొనవలెను.